ఈరమ్మ కన్ను, ఓదెలు ప్యాంటు

ఇటు దగ్గరికి జరగండమ్మా. ఆ చేతిలో ఫోను కాసేపు బోర్లించి పెట్టండి, అదెక్కడికీ పారిపోదు. ఈరమ్మ కంటి సంగతి చెబుతాను. విని లేచాక మీ ఇంట్లో పెద్దవాళ్ళ కళ్ళలోకి ఒకసారి తొంగి చూడాలనిపించకపోతే నన్నడగండి.

కొండాపూర్‌లో మబ్బులు మొహం చూసుకునేంత ఎత్తున అద్దాల ఆఫీసు ఒకటుంది. దాని ప్రహరీగోడను ఆనుకుని, నీలం టార్పాలిన్ కింద ఈరమ్మ కుట్టుమిషను. లోపల పనిచేసే పిల్లలకు ప్యాంటు పొడుగైతే మడిచి కుడుతుంది. జిప్పు పోతే కొత్తది వేస్తుంది. కూర్చుని కూర్చుని నడుము పెరిగిన వాళ్ళకు కుట్లు విప్పి వదులు చేస్తుంది, పైగా "జర నడువు బిడ్డా, గా లిఫ్టు ఎప్పుడూ ఉంటది" అని ఒక మాట కూడా అంటుంది. మొగుడు పోయిన నాటి నుంచీ ఆ మిషనే ఆమెకు మగదిక్కు. కొడుకు స్వామి క్యాబు నడుపుతాడు. కోడలు రేణుక ఆ అద్దాల ఆఫీసులోనే నేలలు తుడుస్తుంది. ఇద్దరూ బాగానే చూసుకుంటారు, కాదనను. కానీ ఈరమ్మ ఒకరి చేతి కూడు తినే మనిషి కాదు. చూపు ఉన్నన్నాళ్ళూ మిషను, మిషను ఉన్నన్నాళ్ళూ తను ఎవరి మాటా పడదు. అదీ ఆమె లెక్క.

ఆమెకు అద్దాలుండేవి. ఒక కాడ విరిగితే నల్లదారం చుట్టి నడిపించేది. అవి లేకపోతే సూదిలో దారం ఎక్కేది కాదు. అలాంటిది, వానలు మొదలయ్యే ముందు ఒక రోజు కోడలు టిఫిను డబ్బా తెచ్చి చూస్తే, అత్త బోసి మొహంతో కుడుతోంది.

"అత్తా, అద్దాలేవి?"

"పెట్టుకోలే."

"మరి దారం ఎట్ల ఎక్కిచ్చినవ్?"

"కండ్లతోని," అంది ఈరమ్మ, చాలా మామూలుగా. లోపల మాత్రం పెళ్ళి బాజాలు మోగుతున్నాయి.

నిజమే. ఎప్పుడో మూలపడ్డ దగ్గరి చూపు తిరిగి వచ్చింది. అప్పటికి కొన్ని నెలలుగా చందానగర్ మార్కెట్ నుంచి పొన్నగంటి కూర తెచ్చి పెసరపప్పులో వేసి వండుకుంటోంది. ఇంకేం, అదే మందు అని తేల్చేసింది. ఆ మాట సందంతా పాకింది. ఆడవాళ్ళు పని లేకపోయినా సూదులు పట్టుకొని వచ్చేవారు, ఆమె ఎక్కిస్తుంటే కళ్ళార్పకుండా చూసేవారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఓదెలు ఆమె ఊరివైపు మనిషే, యాభై దాటినవాడు, అక్కా అని పిలుస్తాడు. అతను మీసం దువ్వుకుంటూ వచ్చి, "అక్కా, ఇగ నువ్వు గా సూది బెజ్జంల నుంచి చూస్తే మన ఊరు కూడా కనవడతదేమో," అన్నాడు.

"కనవడతది. మీ అవ్వ నిన్ను తిట్టుడు కూడా ఇనవడతది," అంది ఈరమ్మ.

అందరూ పొగిడారు, అందరూ పొన్నగంటి కూర కొన్నారు. ఒక్క నాగేశ్వరి గారు మాత్రం చప్పట్లు కొట్టలేదు.

నాగేశ్వరి గారంటే పక్క అపార్టుమెంటులో ఉండే ఏలూరు వైపు ఆవిడ. జాకెట్లు ఈరమ్మ దగ్గరే కుట్టించుకుంటుంది. ఆ రోజు జారిపోతున్న జాకెట్టు భుజాలు బిగించి కుట్టించుకోవడానికి వచ్చింది. ఈరమ్మ ఆవిడ కళ్ళ ముందే సూదికి దారం ఎక్కించి, "చూసిన్రా నాగేశ్వరమ్మా, మీ డాక్టర్లకు గిది తెల్సా?" అంది.

ఇంతలో నాగేశ్వరి గారి ఫోను మోగింది. ఎవరూ పిలవలేదు, మందు వేళ గుర్తు చేసిందంతే. ఆవిడ సంచిలోంచి బుల్లి సీసా తీసి, స్టూలు మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, కంట్లో చుక్క వేసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో నొక్కిపట్టింది. కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"చూడు ఈరమ్మా, నాక్కూడా కంటి పరీక్ష బోర్డు మీద ఆఖరి వరస దాకా కనబడేది. పేపరు గడగడా చదివేదాన్ని. ఎదురుగా ఉన్నదంతా శుభ్రంగా ఉంది, పక్కనున్నది మాత్రం కొంచెం కొంచెంగా మాయమైపోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఎడం వైపు తలుపులన్నీ గుద్దుకుంటుంటే మావారు ఒళ్ళు తెలియదని వేళాకోళం చేసేవారు. తీరా చూస్తే నీటికాసులట. గ్లకోమా అంటారు."

"ఎట్లొచ్చింది మీకు?"

"మా అమ్మకీ ఉండేది, అదొకటి. రెండోది నా తెలివి. కళ్ళు దురద పెడుతున్నాయని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు యేళ్ళ తరబడి వేసుకున్నాను. ఆ చుక్కల్లో ఏదో ఉందట, అదే కంట్లో ఒత్తిడి పెంచేసింది. పోయిన చూపు ఇక రాదన్నారు. ఉన్నది పోకుండా ఈ కాపలా."

ఈరమ్మ నవ్వింది. "మీకు చూపు తగ్గింది, నాకు పెరిగింది గదమ్మా! నాకెందుకు ఫికర్?"

"అదే నా భయం. పెద్దయ్యాక అద్దాలు లేకుండా చదవగలిగితే సంబరపడకండి, వచ్చి చూపించుకోండి అని మా డాక్టరమ్మ అక్కడ అందరికీ చెబుతుంటుంది. ఎందుకో నాకు వివరంగా తెలియదు. సరే గానీ, సాయంత్రం దీపాల చుట్టూ రంగురంగుల చుట్లు ఏమైనా కనబడుతున్నాయా?"

ఈరమ్మ చేతిలో కత్తెర ఆగింది. కనబడుతున్నాయి మరి. చీకటి పడుతుండగా ఆఫీసు దీపాలు వెలిగితే ఒక్కో దీపానికీ ఇంద్రధనుస్సు గాజు తొడిగినట్టుండేది. ఎంత బాగుందో అనుకునేది. ఇప్పుడు ఔనంటే సందులో తన పేరేం కావాలి? అంతమంది కొన్న పొన్నగంటి కూర ఏం కావాలి?

"లేదు," అంది.

నాగేశ్వరి గారు ఆమె మొహం వైపు ఒక్క క్షణం చూసింది. "పోనీలే. ఒక్కటి గుర్తుంచుకో. కన్ను ఎర్రబడి, ఆ వైపు తల పగిలిపోతూ, వాంతులైతే మాత్రం కడుపుకు మందేసుకోకు. తిన్నగా కంటి ఆసుపత్రికి పరిగెత్తు. అప్పుడు గంటల మీద ఉంటుందిట కంటి బతుకు."

ఈరమ్మ ఆ మాటను ఈ చెవితో విన్నది, రెండో చెవితో వదలబోయింది. అది ఎక్కడో ఇరుక్కుపోయింది. అదృష్టం అంటే అదే.

వానాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి సాయంత్రంలా అయిపోయింది. టార్పాలిన్ కింద మరీ చీకటి. ఎవరో పిల్ల రేపు ఇంటర్వ్యూ ఉందని నల్లప్యాంటు ఇచ్చిపోయింది. నల్లగుడ్డ, నల్లదారం. ఈరమ్మ తల వంచి, మొహం మిషనుకు ఆనించినట్టు పెట్టి కుడుతోంది. ఉన్నట్టుండి కుడికన్ను వెనకాల ఎవరో బొటనవేలు పెట్టి బయటికి నెడుతున్నట్టయింది. కనుబొమ పైన, చెంప దాకా పోటు. దీపాల చుట్టూ గాజులన్నీ కలిసి ఒక పొగైపోయాయి. లేచి గోడ పట్టుకుని భళ్ళున కక్కేసింది.

ఓదెలు గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. రేణుకను పిలిపించాడు. స్వామి బండి దగ్గర్లోనే ఉంటే వచ్చేశాడు. కన్ను చూస్తే మిరపపండు.

"దిష్టి!" అంది రేణుక ఏడుపు గొంతుతో. "సందుల ఉన్న కండ్లన్నీ నీ కండ్ల మీదనే పడ్డయత్తా! రోజూ సూదులు పట్టుకొని వచ్చుడు, నోర్లు తెరుసుడు!"

అనడంతో ఆగిందా, గదికి తీసుకుపోయి ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు ఇంట్లో అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి. ఈరమ్మ కన్ను ఇంకా ఎర్రబడింది. మళ్ళీ వాంతి. అప్పుడు సందు చివర సూది మందు డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. మంచివాడే పాపం, జ్వరానికీ విరేచనాలకూ ఆ సందుకంతా అతనే దిక్కు. పొట్ట నొక్కి చూసి, "గ్యాసు తలకెక్కింది. వాంతులు ఆగడానికి సూదేస్తా, పడుకుంటే తగ్గుతది," అన్నాడు.

ఈరమ్మ బల్ల మీద లేచి కూర్చుంది.

"సూదులు నా దగ్గర మస్తుగున్నయి సారూ. నాకు కడుపుల లేదు, కంట్ల ఉన్నది."

"నొప్పి అట్లనే అనిపిస్తది పెద్దమ్మా. గ్యాసు..."

"నా నొప్పి ఏడున్నదో నాకు తెల్వదా? ఇల్లు నాది, అండ్ల ఉన్నది నేను, మురికినీళ్ళ మోరి ఎక్కడ ఉబ్బిందో నువ్వు చెప్తవా?"

స్వామి చేయి పట్టుకున్నాడు. "అమ్మా, జర సప్పుడు చెయ్యకుండ ఉండు. సూది వేయించుకొని పండుకో. పొద్దున్నే కంటి దవాఖానకు నేనే తీస్కపోత."

ఈరమ్మ ఎడమకన్నును అరచేత్తో మూసుకుంది. కుడికంటితో కొడుకు వైపు చూసింది. ఎదురుగా పొగ. పొగలో మరో పొగ. అంతే.

"బిడ్డా," అంది మెల్లగా, "నీ మొఖం లేదు."

స్వామి పట్టు వదిలేశాడు.

"పొద్దున్నదాంక ఆగితే ఇగ ఎప్పటికీ ఉండదు. నువ్వు బండి తీస్తవా, నన్నే నడిచి పొమ్మంటవా?"

బండి తీశాడు. కానీ వాన, పైగా ఆఫీసులు వదిలే వేళ. హైటెక్ సిటీ వైపు కార్లన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడిపోయాయి. కొత్తగూడ చౌరస్తా దగ్గర స్వామి హారను కొడతాడు, ముందువాడు కొడతాడు, బండి మాత్రం అంగుళం కదలదు. ఎర్ర దీపాలన్నీ వాననీళ్ళలో పరుచుకుని ఉన్నాయి. ఈరమ్మ కుడికంటికి అదంతా ఒకటే ఎర్రటి బురద. మళ్ళీ డోకు వచ్చింది. తలుపు తీసింది.

"అమ్మా, ఏడికే?"

"గీ కార్లు తెల్లారిందాంక గిట్లనే ఉంటయి. నా కన్ను ఉండదు."

దిగిపోయింది. మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. కొంగు తల మీదకు లాక్కుని, కుడికన్ను మూసుకుని, కార్ల మధ్యలోంచి నడిచింది. రేణుక చెప్పులు చేతబట్టుకుని వెనకాలే పరిగెత్తి అత్త చేయి పట్టుకుంది. ఒక బైకువాడు అడ్డం వచ్చి విసుక్కుంటే ఈరమ్మ హాండిలు పట్టుకుని ఆపింది. "జరుగు బిడ్డా. నేను ఆలస్యమైతే గుడ్డిదాన్నయిత, నువ్వు ఆలస్యమైతే అన్నం సల్లగయితది." వాడు బండి వెనక్కి లాక్కుని జరిగాడు. ఆ వానలో, ఆ హారన్ల మధ్యలో, మోకాళ్ళ దాకా నీళ్ళు తొక్కుకుంటూ, ఆగిన చోట గోడ పట్టుకుని కక్కుకుంటూ, మళ్ళీ లేచి, కోడలు భుజం మీద బరువంతా వేసి నడిచి నడిచి కంటి దవాఖాన గడప ఎక్కింది.

"మిగతావాళ్ళంతా లైన్ల ఉన్నరమ్మా," అన్నాడు గేటు దగ్గర మనిషి.

"ఉండనీ. ఎవరి కన్నన్నా గిట్లున్నదా చూడు," అని ఈరమ్మ కన్ను తెరిచి చూపించింది. అతను చక్రాల కుర్చీ తెచ్చాడు.

అక్కడి డాక్టరు ప్రవీణ అనే పిల్ల, చూడ్డానికి ఆ అద్దాల ఆఫీసు పిల్లల్లాగే ఉంది. మూసిన రెప్ప మీద వేళ్ళతో మెత్తగా నొక్కి చూసి, "అమ్మా, రాయిలా ఉంది," అంది. ఇక పరుగులే పరుగులు. చుక్కలు వేశారు, మాత్రలు మింగించారు, నరంలోకి మందు ఎక్కించారు. కాసేపటికి ఆ బొటనవేలు వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది. పోటు దిగుతుంటే ఈరమ్మకు ఏడుపొచ్చింది. పోటు ఉన్నంతసేపూ మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దున డాక్టరు ప్రవీణ మంచం పక్కన కూర్చుంది. "అమ్మా, మీకు ఈ మధ్య దగ్గరివి బాగా కనబడ్డాయా? అద్దాలు తీసేశారా?"

"తీసేసిన. పొన్నగంటి కూర తిన్న."

"కూర వల్ల కాదమ్మా. కంట్లో ఒక బిళ్ళ ఉంటుంది. అది మసకబారితే శుక్లం, మోతిబిందు అంటారే, అదే. కొందరిలో మసకబారే ముందు ఆ బిళ్ళ ముదిరి మందమవుతుంది. అప్పుడు కొన్నాళ్ళు దగ్గరివి బాగా కనబడతాయి. చూపు తిరిగొచ్చిందనుకుంటాం. మీ కన్ను పుట్టుకతోనే చిన్నది, లోపల చోటు తక్కువ. ఉబ్బిన బిళ్ళ ముందుకు నెట్టి, కంట్లో ఊరే నీళ్ళు బయటికి పోయే సందును మూసేసింది. ఊరేది ఊరుతూనే ఉంటుంది, పోయే దారి లేదు. ఆ ఒత్తిడికి వెనకున్న నరం నలిగిపోతుంది."

ఈరమ్మ ఆలోచించింది. "మా టార్పాలిన్ మీద వాననీళ్ళు నిలిచి కిందికి ఉబ్బుతది, గట్లనా? కర్రతోని పొడిచి వదలకుంటే చినుగుతది."

"అచ్చం అలాగే. ఇప్పుడు మేం లేజరుతో చిన్న రంధ్రం పెట్టి దారి ఇస్తాం. కన్ను చల్లబడ్డాక ఆ బిళ్ళ తీసి కొత్తది వేస్తాం."

"మరి నాగేశ్వరమ్మకు నొప్పే రాలేదట? ఆమెదీ గిదేనంటది."

"జబ్బు పేరు ఒకటే, దారులు వేరు. ఆవిడకు సందు తెరిచే ఉండి ఉంటుంది, లోపల నీళ్ళు ఇంకే జల్లెడ పూడుకుపోయి ఉంటుంది. అది అరవదు, మెల్లగా తినేస్తుంది. మీది అరిచింది. అరిచింది గనకే మీరు వచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే ఆ కన్ను దక్కేది కాదు."

దక్కింది. మొత్తం కాదు. ముక్కు వైపు ఒక మూల మసక మసకగానే ఉండిపోయింది, ఆ ముక్క ఇక రాదన్నారు. కానీ కొడుకు మొహం వచ్చింది, మీసాలతో సహా.

తర్వాత అసలు గొడవ. ఎడమకంటికి కూడా లేజరు చేయించుకోవాలంది డాక్టరు ప్రవీణ. ఆ కంట్లోనూ సందు సన్నగానే ఉందట. స్వామి అడ్డం తిరిగాడు. చుట్టాలు ఫోన్లలో అడ్డం తిరిగారు. "మంచిగున్న కన్నుకు పొక్క పెట్టుకుంటరా ఎవరన్నా? నొప్పన్నా లేకపాయె!"

ఈరమ్మ ఫోను లాక్కుంది. "నొప్పి వచ్చినంక వాన పడుతది, కార్లు ఆగుతయి, నడవనీకి అప్పుడు నా కాళ్ళుంటయో లేదో. మంచిగున్నప్పుడే చేసుకుంట. నా కన్ను గురించి మీటింగులు పెట్టకుండ్రి." ఫోను కొడుకు చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళి, గడ్డం ఆ లేజరు మిషను మీద ఆనించి కూర్చుంది. ఎంతైనా మిషను ముందు కూర్చోవడం ఆమెకు కొత్తా?

కుడికంటికి శుక్లం ఆపరేషనూ అయింది. వానలు వెలిశాక టార్పాలిన్ మళ్ళీ కట్టింది. దగ్గరి పనికి కొత్త అద్దాలొచ్చాయి. ఆడవాళ్ళు మూగారు.

"ఏంది ఈరమ్మా, మళ్ళ అద్దాలా? పొన్నగంటి కూర పని చెయ్యలేదా?"

ఒకప్పుడైతే ఆమెకు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు అద్దాలు ముక్కు మీదికి ఎగదోసుకుని అందరి వైపూ చూసింది. "పొన్నగంటి కూర పప్పుల మంచిగుంటది, తినుండ్రి. కంట్ల మోరి సాఫ్ చెయ్యదు. అద్దాలు లేకుండ కనవడతుందని ఎవలన్నా నా తీరుగ ఎగిరితే, దిష్టి తియ్యకుండ్రి. తీస్కపోయి చూపించుండ్రి. దీపాల సుట్టు గాజులు కనవడుతున్నయా అని నన్నొక ఆమె అడిగితే లేదని చెప్పిన. ఇగ మీరన్నా చెప్పుండ్రి."

పక్కనే జాకెట్టు సంచితో నిలబడ్డ నాగేశ్వరి గారు స్టూలు లాక్కుని కూర్చుని, ఫోను మోగితే చుక్కలేసుకుంది. అంతే.

ఇప్పుడు ఓదెలు దగ్గరికి వద్దాం. వారం తిరక్కుండానే అతను పేపరు పట్టుకుని వచ్చాడు. మొహానికి దగ్గరగా పెట్టుకుని గడగడా చదివి చూపించాడు. జేబులో అద్దాలు జేబులోనే ఉన్నాయి.

"చూసినవా అక్కా! నీకు పడలే గానీ నాకు పడ్డది పొన్నగంటి. సరే, నా డ్రెస్సు ప్యాంటు అయ్యిందా? రేపు పెద్దసారు వస్తున్నడు, చెకింగ్."

ఈరమ్మ మిషను మీదున్న ప్యాంటు తీసి, చక్కగా మడిచి, స్టూలు మీద పెట్టి, దాని మీద కూర్చుంది.

"అయ్యింది. ఇయ్య."

"ఏంది?"

"కండ్లు చూపించుకొని రా. అప్పుడు ఇస్త."

"ఏం పరాచకాలక్కా! నొప్పి లేదు, ఎరుపు లేదు, వాంతి లేదు..."

"నాగేశ్వరమ్మకు కూడా లేకుండె. అడుగు ఆమెను, ఎడమ దిక్కు ఎన్ని తలుపులు గుద్దుకున్నదో."

"రేపు పెద్దసారు వస్తే లుంగీ మీద నిలబడాల్నా?"

"నిలబడు. లుంగీ కట్టుకున్నోనికి కొలువు పోతే ఇంకోటి దొరుకుతది. కండ్లు పోయినోనికి గేటు కాడ ఎవడు నిలబడనిస్తడు?"

చుట్టూ జనం నవ్వారు. ఓదెలు అరిచాడు, బతిమాలాడు, ఊరి బంధుత్వం గుర్తుచేశాడు, దగ్గర్లో ఇంకో టైలరు ఉన్నాడన్నాడు. "పో, వాని దగ్గర కొత్తది కుట్టించుకో, రేపటికి ఇస్తడేమో," అంది ఈరమ్మ కదలకుండా. స్వామి నవ్వాపుకుంటూ బండి తలుపు తీసి పట్టుకున్నాడు. ఒకప్పుడు తను ఆపబోయిన పని అది. ఇప్పుడు వాడే ముందున్నాడు.

సాయంత్రానికి తిరిగొచ్చాడు ఓదెలు. అప్పటికి ఆఫీసు దీపాలు వెలిగాయి. మీసం దువ్వుకోవడం లేదు. వచ్చి ఆ గోడకానుకుని నిలబడ్డాడు.

"ఏమన్నరు?" అంది ఈరమ్మ.

"మోతిబిందు మొదలైందట. సందు సన్నగుందట. నీ తీరుగనే పొక్క పెడతరట, ఎల్లుండి రమ్మన్నరు." గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, నాకు కూడా గా దీపాల సుట్టు గాజులు కనవడుతున్నయే. నవ్వుతరని చెప్పలే."

ఈరమ్మ లేచింది. ప్యాంటు దులిపి అతని చేతిలో పెట్టింది. కుట్టు కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఎల్లుండి పొయ్యొచ్చినంక ఇయ్యి," అంది.

అదీ కథ. ఈరమ్మ ఇంకా అక్కడే కుడుతోంది, అద్దాలు పెట్టుకుని, చెడిపోయిన ఆ మూల వైపు మెడ కాస్త తిప్పుకుని. మీరు ఇళ్ళకు పోయాక ఇది మర్చిపోకండి. అమ్మకో, అత్తకో, గేటు దగ్గర కూర్చునే పెద్దాయనకో చెప్పండి. నేను చెప్పినంత పొడుగ్గా చెప్పక్కర్లేదు. దీపాల చుట్టూ గాజులు కనబడుతున్నాయా అని ఒక్క మాట అడగండి చాలు. లేదని అంటే మొహం వైపు ఒక క్షణం చూడండి. అయినా వినకపోతే, ఓదెలు ప్యాంటు సంగతి చెప్పి, వాళ్ళదేదైనా పట్టుకుని దాని మీద కూర్చోండి.